నా బిడ్డ ఒడి బియ్యం

ఒడి బియ్యం కలపడం నాకు నేర్పింది మా అవ్వ. కలపడం వరకే. ఆమె చేతులతో పోయడం నేను ఏనాడూ చూడలేదు.

మంచి బియ్యం తీసుకొని నూకలు లేకుండా చెరగాలి. పసుపు, నాలుగు చుక్కల నెయ్యి వేసి రెండు అరచేతుల మధ్య మెల్లగా రుద్దాలి. గింజ గింజకూ పసుపు పట్టాలి, ఒక్క గింజా విరగకూడదు. ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు, ఒక రవిక గుడ్డ పక్కన సిద్ధంగా ఉండాలి. పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డ పుట్టింటికి వస్తే పీట మీద తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, ఆమె పట్టిన కొంగులో ఈ బియ్యం పోస్తారు. మూడేళ్లకోసారి, ఐదేళ్లకోసారి. ఈ ఇల్లు నీకు ఇంకా ఉంది, ఈ ఇంటి గింజలో నీకు పాలు ఉంది అని చెప్పే పద్ధతి అది. నోటితో ఎవరూ అలా అనరు. అనాల్సింది బియ్యమే అంటుంది.

మా అవ్వ పసుపు కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, రోట్లో వేసి దంచేది. ఆమె దంచిన పసుపు పనికొచ్చేది. ఆమె చెరిగిన బియ్యం పనికొచ్చేవి. మా మేనత్తలు వచ్చి పీట మీద కూర్చున్నాక మాత్రం అవ్వ లేచి వంటింటి తలుపు వెనక్కి వెళ్లిపోయేది. తాత పోయిన నాటి నుంచి ఆమె చెయ్యి శుభానికి అక్కరకు రాకుండా పోయింది. కడుపున పుట్టిన బిడ్డల ఒడి నిండుతుంటే తలుపు సందులోంచి చూసేది. నేను ఆమె కొంగు పట్టుకొని అక్కడే నిలబడేదాన్ని.

"అవ్వా, నువ్వెందుకు పొయ్యవ్?" అని ఒకసారి అడిగాను.

"దంచినప్పుడే పోసిన బిడ్డా," అంది అవ్వ. "నా వంతు ఎప్పుడో అయిపోయింది."

ఆ మాట నాకు చాలా ఏళ్లు గొప్పగా అనిపించింది. నా బిడ్డ వంతు వచ్చేదాకా.

నేను బడికి పోలేదు. ఆడపిల్లను మేడ్చల్ దాకా ఎవరు పంపుతారన్నారు. మా నాయిన కళ్లంలో, మధ్యాహ్నం ఎడ్లు నీడన నెమరేసే వేళ, మట్టిని అరచేత్తో చదును చేసి అక్షరాలు దిద్దించేవాడు. తప్పు రాస్తే కోప్పడకుండా మట్టిని మళ్లీ చదును చేసేవాడు. ఆ తరువాత ఇంట్లో ఉన్న పురాణం పుస్తకాలు ఒక్కొక్కటీ నాతో పైకి చదివించాడు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. పొద్దున దీపం పెట్టేటప్పుడు దేవుడి పేర్లతో పాటు నాయిననూ ఒకసారి తలుచుకుంటాను. దేవుడు ఏమీ అనుకోడు.

అత్తవారిల్లు కూడా దూరమేమీ కాదు. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉన్న ఊరే. నేను కాపురానికి వచ్చిన నాడు మా ఇంటి వెనక నుంచి చెరువు కట్ట దాకా ద్రాక్షతోటలు ఉండేవి. రాతి కడీలు, వాటి మీద తీగల పందిళ్లు. ఇప్పుడు కడీలు కూడా లేవు. మా బావగారు, అంటే మా ఇంటాయన అన్న, తన తోటను ముందుగా అమ్మారు. ఆ తరువాత పక్కవాళ్ల తోటలు అమ్మించారు. అక్కడ విల్లాలు వచ్చాయి, చుట్టూ పెద్ద గోడ వచ్చింది. మాకు మిగిలిన అరెకరంలో మా ఆయన ఇప్పటికీ పాలకూర, మెంతికూర వేస్తాడు. ఆ కూరను విల్లాల వాళ్లే కొంటారు. తినేవాడు ఎవరైనా దేవుడే కదా అని నేను ఆ కట్టలకు కూడా దండం పెట్టే పంపుతాను.

మా బిడ్డ ఒక్కతే. గుండ్లపోచంపల్లిలో ఇచ్చాం. అల్లుడు మంచివాడు. ఒక సాయంత్రం హైవే మీద లారీ గుద్దితే ఆస్పత్రి దాకా కూడా దక్కలేదు. అంతకన్నా రాయడం నా వల్ల కాదు. బిడ్డ ఏడ్చినన్నాళ్లు ఏడ్చి, తరువాత అక్కడే గోదాములో సామాన్లు ప్యాకింగ్ చేసే పనిలో చేరింది. చిన్న పిల్లను పెట్టుకొని, అల్లుడు ఉన్నప్పటి అద్దె ఇంట్లోనే ఉంటోంది. స్కూటీ నేర్చుకుంది. మా ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు. ఉద్యోగం చేస్తే అనలేదు, రంగు చీర కట్టుకుంటే అనలేదు, స్టిక్కర్ బొట్టు పెట్టుకుంటే అనలేదు. కాలం మారిందమ్మా, పాపం చిన్న వయసు అన్నారు. నేను అందరికీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

నిరుడు ఎండాకాలం మొదట్లో ఊళ్లో బొడ్రాయి పండుగ తలపెట్టారు. ఊరు పుట్టినప్పుడు మొట్టమొదట నాటిన రాయి బొడ్రాయి. అది ఊరికి బొడ్డు లాంటిది. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయేసరికి మా బొడ్రాయి మెడ దాకా కూరుకుపోయింది. దాన్ని తవ్వి, పైకెత్తి, మళ్లీ ప్రతిష్ఠ చేయాలని పెద్దమనుషులు అనుకున్నారు. వాళ్లలో మా బావగారు ముందు.

ఆ పండుగకు ఊరి ఆడబిడ్డలందరూ రావాలి. ఎక్కడెక్కడ ఇచ్చినా పిలిపించి, రాయికి నీళ్లు పోయించి, ఇంటింటా ఒడి బియ్యం పోసి పంపాలి. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. పండుగ నాడు తెల్లవారుతూనే ఊరు కడతారు. ఊళ్లోకి వచ్చే తొవ్వలన్నిటికీ వేపమండలు గుచ్చిన తాడు అడ్డంగా కట్టి, పొలిమేర చుట్టూ అన్నం చల్లుతారు. ఆ తరువాత బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. పొద్దు గూకి తాడు తెంపేదాకా అంతే.

మా బావగారు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆయన నాతో నేరుగా మాట్లాడరు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా తమ్ముడితోనే మాట్లాడతారు. ఇన్నేళ్లలో నేను ఆయన ముందు కుర్చీలో కూర్చున్నది లేదు. అది మా ఇంటి పద్ధతి, దాని మీద నాకు ఫిర్యాదు కూడా లేదు.

"తమ్మీ, బిడ్డను పిలువుండ్రి. వద్దంటలేను," అన్నారు. "వచ్చి మంచిగ అన్నం తిని పోనీ. చీర పెట్టుండ్రి. గానీ ఒడి బియ్యం ముచ్చట మాత్రం తేవద్దు. ఊరు పండుగ. ఒక్కరు చేసిన తప్పుకు ఊరంత అనుభవించాలె."

మా ఆయన నా వైపు చూశాడు. ఆయన మాట్లాడేది తక్కువ. చాయ్ ఇచ్చాను. బావగారు తాగి వెళ్లారు.

మరుసటి రోజు బిడ్డకు ఫోన్ చేసి పండుగకు రమ్మన్నాను. అవతల గోదాములో టేపు చింపుతున్న శబ్దం వినిపించింది.

"అమ్మా, గీ ఏడు నాది ఒడి పట్టే ఏడు. యాదికున్నదా?"

"ఉన్నది బిడ్డా."

"పోస్తవా?"

నేను ఫోన్‌ను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నాను.

"సాఫ్ సీదా చెప్పమ్మా. పోస్తనంటె వస్త. అందరి ఒడ్లు నిండంగ నన్ను తలుపెనుక నిలవెడ్తనంటె ఇప్పుడే కాదు, ఇగ ఎప్పుడు రాను. నువ్వు సూడబుద్ధయితే నువ్వే గిటు రా. ఆ ఊరితోని నాకేం పని లేదు."

తలుపు వెనక అన్నది. అవ్వ సంగతి నేను దానికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే దానికి ఆ చోటు తెలుసు. ఆడదానికి ఆ చోటు ఎవరూ చూపించనక్కర్లేదు.

"పోస్త," అన్నాను. "నువ్వు రా."

ఆ రోజు దేవుడి గూట్లో దీపం పెట్టి చాలాసేపు కూర్చున్నాను. తల్లీ, నువ్వు ఇచ్చినవన్నీ కళ్లకద్దుకొని తీసుకున్నాను, నువ్వు తీసుకున్నవాటికీ నిన్ను తిట్టలేదు అని చెప్పుకున్నాను. అల్లుణ్ణి తీసుకున్నది నువ్వు. బిడ్డను తీసుకుంటానంటున్నది వీళ్లు. నీకు ఇచ్చినట్టు వీళ్లకు ఇవ్వను.

ఒడి బియ్యం తల్లిదండ్రులు పోస్తే సరిపోదు. ఐదుగురు ముత్తయిదువలు పోయాలి. నేను ఒకదాన్ని. ఇంకా నలుగురు కావాలి. మొదట మా తోటికోడలి దగ్గరికి వెళ్లాను. బావగారి భార్య. నాకు పురుడు పోసిన మనిషి, నా బిడ్డకు మొదటి స్నానం చేయించిన మనిషి. ఆమె వాకిట్లో మిరపకాయలు ఎండబెడుతోంది.

"చెల్లె, నన్ను అడగకే," అంది, నేను నోరు తెరవకముందే. "నాకు ఇద్దరు కోడండ్లు. రేపు ఆళ్ల కాలుల ముల్లిరిగినా నా చెయ్యి వల్లనే అంటరు."

"అక్కా, మొదలు దాన్ని ఎత్తుకున్నది నీ చేతులే గదా."

"అందుకే చెప్తున్న. నన్ను అడిగి నన్ను చంపకు."

మిరపకాయల ఘాటుకో ఏమో కళ్లు తుడుచుకుంది. నేను వచ్చేశాను.

ఆ తరువాత మా గల్లీలో తెలిసిన ఇళ్లన్నిటికీ వెళ్లాను. ఒకామెకు ఆ రోజే మోకాళ్ల నొప్పి వచ్చేలా ఉంది. ఒకామె ఇంట్లో బిడ్డ పెళ్లి మాట నడుస్తోందట, ఇలాంటివాటికి రాకూడదట. ఇంకొకామె, "నేను వస్తుంటి వదినా, మా ఆయనే ఒప్పుకుంటలేడు," అంది. ఆయన అక్కడే మంచం మీద కూర్చొని ఉన్నాడు, ఆ మాట ఆయనకూ అప్పుడే తెలిసినట్టు తలెత్తి చూశాడు. నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే ఆయనా నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు.

మా పక్కింటివాళ్లు ముసల్మాన్లు. ఆ ఇంటి ఇల్లాలు, నేను ఇరవై ఏళ్లుగా ఒకే గోడకు అటూ ఇటూ బట్టలు ఆరేసుకుంటున్నాం. ఆమె గోడ మీదుగా తల పెట్టి అడిగింది.

"ఏందక్కా, గల్లి గల్లి తిరుగుతున్నవంట. నన్ను మాత్రం అడగవు."

"నిన్నెట్ల అడుగుతనే?"

"ఎందుకడగవు? నా మొగుడు జిందా ఉన్నడు గదా. పొద్దుందాక నా పానం తింటున్నడు. నాకు బొట్టు లేదు, నల్లపూసలైతే ఉన్నయి. చల్తదా, చల్దా, గది చెప్పు."

"మస్తు చల్తది," అన్నాను.

మా వెనక గదిలో అద్దెకు ఉండేవాళ్లది బీహార్. అతను గుండ్లపోచంపల్లి వైపు ఒక ఫ్యాక్టరీకి వెళతాడు. ఆమె విల్లాల్లో వంటపని చేస్తుంది. నేను బియ్యం చెరుగుతుంటే వచ్చి పక్కన కూర్చొని, పసుపు గిన్నె చూసి అడిగింది. తెలిసిన మాటల్లో చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

"మా దగ్గర భీ ఇది ఉంది అమ్మా. బేటీ పోయేటప్పుడు చావల్, హల్దీ ఆంచల్‌లో, కొంగులో పోస్తరు. నేను వచ్చినప్పుడు మా అమ్మ పోసింది. ఐదేళ్లాయె."

"మొగుడు చచ్చిపోయిన బిడ్డకు పోస్తరా మీ దగ్గర?"

"నై పోస్తరు," అంది. తరువాత చేటను తన వైపు లాక్కుంది. "నేను పోస్త."

నాలుగు రోజుల్లో సంగతి ఊరంతా పాకింది. బావగారు మళ్లీ వచ్చారు. ఈసారి కూర్చోలేదు.

"తమ్మీ, ఏందిది? ముసల్మానామె ఒకతి, బీహారామె ఒకతి. ఒడి బియ్యం పోసుడా, తమాషానా? శాస్త్రం అంటె మజాక్ అయిందా? ఊరికి అరిష్టం రాదా?"

నేను తలమీది కొంగు సర్దుకొని ముందుకు వచ్చాను. కూర్చోలేదు, నిలబడే అన్నాను.

"బావా, మీరు పెద్దోళ్లు. నాకు తండ్రి లెక్క. ఏ పుస్తకంల ఉన్నదో చెప్పుండ్రి. నేను తెప్పిచ్చుకొని చదువుకుంట. ఉంటె ఆగుత."

ఆయన తమ్ముడి వైపే చూస్తూ, "అన్ని పుస్తకాల్ల ఉండయి తమ్మీ. పెద్దలు చేసినట్టు మనం చెయ్యాలె," అన్నారు.

"పెద్దలు చేసినట్టు మనం చేస్తున్నది ఏమున్నది బావా? పెద్దలు డప్పు కొట్టిచ్చిన్రు, మనం డీజే పెట్టినం. పెద్దలు పోసిన ఒడి బియ్యం ఇంట్ల పీట మీద. నిరుడు మీ కోడలికి కొంపల్లి ఫంక్షన్‌హాల్ల పోసిన్రు. మీద డ్రోన్ తిరుగుతుంటె ఆమె ఒడి పట్టింది. బియ్యం బజార్ల కలిపిన ప్యాకెట్లే తెచ్చిన్రు. నేనేమన్న అన్ననా? సంతోషపడ్డ. నేనే ముందుగాల పోసిన. పొలిమేర రాయి ఉన్న తావు ఎవని బాత్రూమయిందో ఇయ్యాల మనకే తెల్వదు. గాలి తిరిగితే జవహర్‌నగర్ చెత్త కుప్పల కంపుకు అన్నం ముద్ద దిగదు. గవేవీ ఊరికి అరిష్టం కాలే. నా బిడ్డ కొంగుల నాలుగు గింజలు పడితె అరిష్టమా?"

అంత పొడుగు మాట ఆయన ముందు నేను మాట్లాడటం అదే మొదలు.

బావగారు మొదటిసారి నా ముఖంలోకి చూశారు. "నీ ఇష్టం," అన్నారు. "పండుగ నాడు ఊరు కట్టేది మేమే. గది యాదికి పెట్టుకో."

ఆ మాట ఎందుకన్నారో నాకు పండుగ పొద్దున అర్థమైంది.

బిడ్డకు ఆ వారం రాత్రి డ్యూటీ. మనవరాలిని ముందు రోజే నా దగ్గర దించి వెళ్లింది. తెల్లవారుజామున డ్యూటీ దిగి, ఇంటికెళ్లి స్నానం చేసి, నేను ఇచ్చిన ఆకుపచ్చ పట్టుచీర కట్టుకొని బయలుదేరాలి. తూర్పు తెల్లబడ్డాక తాడు కడతారని అందరం అనుకున్నాం. బావగారు కోడి కూసేలోపే కట్టించారు. మేడ్చల్ తొవ్వకు ఒక తాడు, శామీర్‌పేట తొవ్వకు ఒక తాడు. రెండు చోట్లా ఊరి మగవాళ్లు కాపలా.

బిడ్డ ఫోన్ చేసింది. "అమ్మా, తాడు కాడ ఆపిన్రు. ఊరు కట్టినం బిడ్డా, ఇగ లోపటికి రావద్దు అంటున్నరు. సొంతూరోళ్లే, నన్ను ఎత్తుకొని తిరిగినోళ్లే, ముఖం దించుకొని చెప్తున్నరు."

పీట, చేట, కుడకలు అన్నీ అరుగు మీద సర్ది ఉన్నాయి. ఈసారి లోపల కాదు, అరుగు మీదే పోయాలని అనుకున్నాను. తలుపు అన్నదే మధ్యలో ఉండకూడదని. ఇప్పుడు తలుపు ఊరి బయట పెట్టారు.

"బిడ్డా, నేనే తాడు దాటి వస్త," అన్నాను.

"నువ్వు రాకు. నువ్వు దాటితే పండుగ చెడగొట్టిందని నిన్నంటరు. పీట తియ్యకు," అని ఫోన్ పెట్టేసింది.

తరువాతి సంగతి అదే చెప్పింది. స్కూటీ తిప్పుకొని హైవే మీదికి పోయి, అక్కడి నుంచి విల్లాల పెద్ద గేటుకు వచ్చింది. గేటు దగ్గర కాపలా అతను ఆపాడు.

"ఎక్కడికమ్మా?"

"పనికే అన్నా."

"పట్టుచీర గట్టుకొని పనికా?"

"ఇయ్యాల మా ఇంట్ల పెద్ద పని ఉన్నది," అందట. ఆ విల్లాలకు మా ఊరి ఆడవాళ్లు పొద్దున్నే గుంపులుగా పనికి పోతారు. వాళ్ల కోసం వెనక గోడకు మా ఊరి వైపు ఒక చిన్న ఇనుప తలుపు పెట్టారు. పండుగ అని ఆ రోజు పనివాళ్లెవరూ రాలేదు కానీ తలుపుకు తాళం లేదు. స్కూటీని తోసుకుంటూ అందులోంచి ఊళ్లోకి వచ్చింది. ఊరు కట్టినవాళ్లు పాత తొవ్వలన్నీ లెక్కపెట్టి తాళ్లు కట్టారు. ఆ తలుపు ఉన్న చోట, ద్రాక్షతోటలోంచి చెరువుకు పోయే బండ్ల బాట అంటూ ఒకటి ఉండేదని వాళ్లకు గుర్తులేదు. అది అమ్మేసిన భూమి. అటు గోడ ఉంది, ఇంకేం తొవ్వ అనుకున్నారు.

బొడ్రాయి దగ్గర ఆడబిడ్డలందరూ బిందెలతో వరుసగా నిలబడ్డారు. నేను మనవరాలి చెయ్యి పట్టుకొని పక్కన నిలబడి ఉన్నాను. గుంపు కదిలింది. ఆకుపచ్చ చీరలో నా బిడ్డ, చెమటకు స్టిక్కర్ బొట్టు కాస్త పక్కకు జరిగి, వచ్చి వరుస చివర నిలబడింది. ఎవరో తన బిందె అందించారు.

బావగారు చూశారు. "నువ్వెట్లొచ్చినవే?"

"మీరు అమ్మిన తోటల నుంచి వచ్చిన పెద్దనాయినా," అంది నా బిడ్డ. గట్టిగా అనలేదు, దురుసుగా అనలేదు. దారి అడిగినవాళ్లకు దారి చెప్పినట్టు చెప్పింది.

ఎవరో ఆడమనిషి కిసుక్కుమని నవ్వింది. మగవాళ్లలో ఒకాయన, "ఊరు కట్టినంక వచ్చింది, బయటికి పంపాలె," అన్నాడు. అప్పుడు మా ఆయన నోరు విప్పాడు. మాట్లాడని మనిషి మాట్లాడితే ఊరంతా వింటుంది.

"ఊరు కట్టినంక లోపలున్నోళ్లను బయటికి పంపద్దు గదనే అన్నా. కట్టుబాటు గదేనాయె."

అందరూ బావగారి వైపు చూశారు. ఆయన పంతులు వైపు చూశారు. పంతులు ఫోన్‌లో ముహూర్తం చూసుకుంటూ, "నీళ్లు పొయ్యండమ్మా, సమయం మించుతోంది," అన్నాడు.

నా బిడ్డ నీళ్లు పోసింది. కొత్తగా పైకి లేపిన రాయి ఆ నీళ్లు కూడా అందరి నీళ్లలాగే తాగింది. నేను ఆ రాయికి మొక్కినట్టు జన్మలో దేనికీ మొక్కలేదు.

ఇంటికొచ్చి పీట మీద కూర్చుంది. తూర్పు ముఖం. కొంగు పట్టింది.

మొదట నేను పోశాను. తరువాత పక్కింటామె బిస్మిల్లా అనుకుంటూ దోసిలి నింపి పోసింది. "పదిలంగ ఉండు బిడ్డా, మస్తు బతుకు," అంది. బీహారామె పోస్తూ తన భాషలో ఏదో పాట సన్నగా పాడింది. ఆ పాట మాకెవరికీ అర్థం కాలేదు, అందరికీ కళ్లు తడిశాయి. మా ఆయన పోశాడు. తండ్రి పోయడం పద్ధతిలో ఉన్నదే. కానీ ఆయన కుడకలు పెడుతూ బిడ్డ తల మీద చెయ్యి ఉంచి తీయలేదు.

ఆయనను కలుపుకున్నా నలుగురమే, ఐదోవారు లేరు. అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా తోటికోడలు మా గేటు బయట నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. నేను చూశాను, ఆమె చూసింది. ఒక్క అడుగు వేయాలి. వేయలేదు. నేను పిలవలేదు. చంపకు అని అడిగిన మనిషిని నేను పిలవలేను.

లోపలికి వెళ్లి అవ్వ సోల తెచ్చాను. బియ్యం కొలిచే పాత ఇత్తడి సోల, పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్న ఒక్క వస్తువు. దాని నిండా పసుపు బియ్యం తీసుకొని, "ఇది మా అవ్వ పోస్తున్నది," అని పైకి అన్నాను. అందరికీ వినిపించేలా అన్నాను. గేటు దాకా వినిపించేలా అన్నాను. అవ్వ ముత్తయిదువ కాదు. అవ్వ చెయ్యి శుభానికి పనికిరాదన్నారు. ఆ చేతినే నేను అరుగు మీదికి తెచ్చాను. గింజలు పడుతున్న చప్పుడుకు మనవరాలు, "ఆన పడుతాంది," అని చప్పట్లు కొట్టింది.

బిడ్డ లేచి, పద్ధతి ప్రకారం ఐదు పిడికిళ్లు మా చేటలో తిరిగి వేసింది. పుట్టిల్లు ఖాళీ కాకూడదు కదా. పొద్దు గూకి తాడు తెంపాక ఒడి మూట కట్టుకొని మేడ్చల్ తొవ్వనే వెళ్లింది. కాపలా ఉన్నవాళ్లే స్కూటీకి దారి ఇచ్చారు.

ఆ బియ్యం అత్తింట వండి నలుగురికి పెట్టుకోవాలి. దానికి అత్తిల్లు అంటూ మిగిలింది ఆ అద్దె గదే. వండి, పెద్ద డబ్బాలో గోదాముకు పట్టుకెళ్లింది. రకరకాల ఊళ్ల ఆడవాళ్లు అట్టపెట్టెల మధ్య కూర్చొని తిన్నారట. "ఏం పండుగ?" అని అడిగారట. "మా అమ్మోళ్లు ఒడి పోసిన్రు," అని చెప్పిందట. ఫోన్‌లో ఆ మాట చెబుతున్నప్పుడు దాని గొంతులో పెళ్లికి ముందటి గీర వినిపించింది. ఆ ఒక్క గీర కోసం నేను ఇంకో పది మంది బావలకు ఎదురు నిలబడతాను.

ఆ తరువాత ఊళ్లో ఒకరి బోరు ఎండింది, ఒకరి బండి జారి చెయ్యి విరిగింది. రెండూ నా బిడ్డ ఒడి మీదే వేశారు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, చెరువు నిండింది. దాన్ని మాత్రం ఎవరూ మా మీద వేయలేదు. నేనే దేవుడికి చెప్పుకున్నాను, వానలకు దండం తల్లీ అని.

బిడ్డ వేసిన ఐదు పిడికిళ్లలో కొంత వండి, పరమాన్నం చేసి, ఒక గిన్నెలో మా తోటికోడలికి పంపాను. మా దగ్గర ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగి పంపరు. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెర అయినా వేస్తారు. ఆ గిన్నె మరునాడు తళతళా తోమి, ఖాళీగా వచ్చింది.

ఖాళీగా వచ్చింది కానీ, తినని గిన్నెను ఎవరూ అంత శుభ్రంగా తోమరు. నాకు అది చాలు. బిడ్డకు మళ్లీ ఒడి పట్టే ఏడు వస్తుంది. అవ్వ సోల దేవుడి గూట్లోనే పెట్టాను. ఈ దసరాకు నా బిడ్డ వస్తానంది. ఆ రోజు పరమాన్నం వండి అదే గిన్నె నింపి, అదే ఇంటికి నా బిడ్డ చేత్తోనే పంపుతాను.